లోడు పెట్టి చూశారా?

మన దేశంలో కొత్త మోటార్ సైకిళ్ళన్నిటికీ ఇంజిన్ నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలన్న రూలు 2017 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఎదురుగా వచ్చే లారీ డ్రైవరుకు పగలు కూడా మనం కనబడాలని దాని ఉద్దేశం. తేదీ ఏప్రిల్ ఒకటి కావడం వల్లనేమో, జనం ఆ రూలును ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు. మిట్టమధ్యాహ్నం లైటు వెలుగుతున్న బండి కంటబడితే చాలు, ఎదుటివాడి ప్రాణం ఒప్పుకోదు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, అయిదు వేళ్ళూ ముడిచి విప్పి, ముడిచి విప్పి, "లైటు, లైటు" అని సైగ చేస్తాడు. ఆపడానికి ఈ బండికి స్విచ్చే లేదండీ బాబూ అని చెప్పేలోపల ఆయన దాటిపోతాడు, ఇంకొకాయన ఎదురొస్తాడు. విజయవాడ బందరు రోడ్డు మీద ఈ సైగ చెయ్యనివాళ్ళు లేరు. ఆటో ఆయన చేస్తాడు, బస్సు కిటికీలోంచి కండక్టరు చేస్తాడు. హెల్మెట్ లేకుండా, వెనకాల ఇద్దర్ని ఎక్కించుకుని, రాంగ్ రూట్లో వచ్చేవాడు కూడా మన క్షేమం కోరి చేస్తాడు.

మొదట్లో విసుగొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. అందుకే ఓ సాయంత్రం బందరు రోడ్డు పొడుగునా వచ్చినా ఒక్క చెయ్యి కూడా లేవకపోయేసరికి నాకు అనుమానం వచ్చింది. జనంలో చైతన్యం వచ్చిందనుకుందామా అంటే, అది ఒక్క పూటలో వచ్చే సరుకు కాదు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపి, పచ్చలైటు పడగానే సెల్ఫ్ నొక్కాను. బండి "టక్" అంది. మళ్ళీ నొక్కాను. ఈసారి కొంచెం నీరసంగా "టిక్" అంది. అప్పుడర్థమైంది, జనం మారలేదు, నా లైటు మారింది. బ్యాటరీ దిగిపోయి, అసలు వెలుగుతోందో లేదో ఎదుటివాడికి తెలియనంత గుడ్డిదైపోయింది. చార్జింగ్ సరిగా ఉందో లేదో చెప్పడానికి ఊరంతా ఉచితంగా పనిచేస్తోందని బండితో ఇచ్చిన పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

నా బండికి కిక్కు లేదు. సెకండ్ గేరులో వేసి తోస్తే స్టార్టవుతుందని ఇద్దరు కుర్రాళ్ళు ఉత్సాహంగా ముందుకొచ్చారు. పాత రకం బండ్లు చాలావాటిలో స్పార్కుకు కావలసిన కరెంటును ఇంజినే పుట్టించుకునేది. బ్యాటరీ చచ్చినా బండి నడిచేది. ఇప్పటి బండ్లలో ఎక్కువ భాగం బ్యాటరీ కరెంటు అందితేనే స్పార్కు ఇస్తాయి. అది పూర్తిగా దిగిపోయాక బెంజి సర్కిల్ నుంచి బందరు దాకా తోసినా తోసినవాళ్ళ ఆరోగ్యం బాగుపడుతుందే తప్ప బండి కదలదు. ఈ సంగతి వివరంగా చెప్పాను. కుర్రాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని ఒగురుస్తూ, "తోయించే ముందు చెప్పాల్సింది సార్" అన్నారు.

ఈలోగా సభ తీరింది. ఆగిపోయిన బండి చుట్టూ తీరే సభకు అధ్యక్షుడు ఉండడు, ఎజెండా ఉండదు, తీర్మానం మాత్రం ముందే సిద్ధంగా ఉంటుంది.

"బ్యాటరీయేనండీ" అన్నాడు చెరుకురసం బండాయన, గానుగ తిప్పుతూనే.

"బ్యాటరీయే. ఎన్నాళ్ళయింది వేయించి?" అన్నాడు ఇంకొకాయన.

"ఏడాది కాలేదండి."

"అదీ సంగతి. ఈ రోజుల్లో కొత్త బ్యాటరీలు ఏం ఆగుతున్నాయి?"

పక్కాయనకు సరిగ్గా వినపడక, "ఎన్నేళ్ళయిందంట?" అని అడిగాడు. మూడేళ్ళని ఎవరో చెప్పారు. "మరి మూడేళ్ళ బ్యాటరీ ఇంకేం ఆగుతుందండీ" అన్నాడాయన. బ్యాటరీ కొత్తదైతే కొత్తదవడం దాని నేరం, పాతదైతే పాతదవడం నేరం. ముద్దాయి ఒక్కటే, సెక్షన్లే వేరు.

బ్యాటరీ మీద ఇంత ఏకాభిప్రాయం ఎందుకంటే, బండి కరెంటు సామానులో జనానికి తెలిసింది అదొక్కటే. దానికో కొట్టుంది, గ్యారంటీ కార్డుంది, పాతది ఇస్తే కొంత తగ్గింపు కూడా ఉంది. మిగతావన్నీ టేపు చుట్టుకుని సీటు కింద, ట్యాంకు కింద దాక్కుంటాయి. కనబడని దొంగ కంటే కనబడే అమాయకుణ్ణి పట్టుకోవడం ఎవరికైనా తేలిక.

బ్యాటరీ కొట్టాయన మాత్రం ధర్మాత్ముడు. రాత్రంతా చార్జింగులో పెట్టి, పొద్దున్నే హైడ్రోమీటర్ ఆరు గదుల్లోనూ ముంచి చూసి, "దీనికేం రోగం లేదు సార్. రోగం మీ బండికి" అని అప్పగించాడు. వారం తిరక్కుండా మళ్ళీ "టక్". మెకానిక్కు బండిని దూరం నుంచే చూశాడు. దగ్గరికొస్తే పనంటుకుంటుందని భయమేమో. "వైరింగ్ కిట్ మొత్తం మార్చెయ్యాలి సార్" అన్నాడు. ఏ వైరు పోయిందని అడిగితే, "అందుకే కదా సార్ మొత్తం మార్చేది" అన్నాడు. ఆ తర్కానికి తిరుగులేదు. ఒళ్ళంతా మార్చేస్తే నొప్పి ఎక్కడుందో వెతికే పని తప్పుతుంది.

ఇంట్లో ఇంకో సభ. మా బావమరిది ఏ సమస్యకైనా ఒకటే మందు చెప్తాడు: "అమ్మేయ్ బావా." మామగారిది పాత కాలం. ఆయనకు బుల్లెట్ ఉండేది. హెడ్‌లైటు నెత్తిన గుండ్రంగా ఆమీటర్ ఉండి, ముల్లు ఒకపక్కకు వాలితే బ్యాటరీలోకి కరెంటు వస్తున్నట్టు, రెండోపక్కకు వాలితే పోతున్నట్టు. "రాబడీ ఖర్చూ కళ్ళముందు ఉండేవి అల్లుడుగారూ. ఇప్పుడు మీ బండి మీద టైము కనిపిస్తుంది, గేరు కనిపిస్తుంది, పెట్రోలు కనిపిస్తుంది. కరెంటు వస్తోందో లేదో చెప్పే ముల్లేదీ?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. ఆ ముల్లు లేకపోబట్టే కదా, నేను బందరు రోడ్డు జనం చేతులు చూసుకుంటూ బతకాల్సివచ్చింది.

అసలు చార్జింగ్ కథలో పాత్రలు మూడే. ఇంజిన్ పక్క మూత కింద స్టేటర్. మన మెకానిక్కుల భాషలో కాయిల్ ప్లేటు. రాగితీగ చుట్టలు కదలకుండా కూర్చుని ఉంటే వాటి చుట్టూ అయస్కాంతాలు తిరుగుతుంటాయి. అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో లండన్‌లో ఫారడే తేల్చాడు. ఆయన ఏ బండీ తోసి ఎరగడు కాబట్టి ప్రశాంతంగా తేల్చగలిగాడు. అలా పుట్టేది ఏసీ కరెంటు, ఇంజిన్ ఎంత ఊపుగా తిరిగితే అంత ఎగురుతుంది. రెక్కలున్న అల్యూమినియం డబ్బా రెగ్యులేటర్ రెక్టిఫైయర్. అది దాన్ని డీసీగా మార్చి, 14.5 వోల్టుల దరిదాపుల్లో కళ్ళెం వేసి పంపుతుంది. ఈ పనిలో కాగిపోతుంది కాబట్టే దానికి రెక్కలు, గాలి తగిలే చోటు. కళ్ళెం తెగితే 16, 17 వోల్టులకు పోయి బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు వరసగా రాలిపోతాయి. మూడోది బ్యాటరీ. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సీసం రేకుల్ని ఆమ్లంలో ముంచి చేసిన బ్యాటరీకి ఇది వారసురాలు. ఆరు గదులు, గదికి 2 వోల్టుల పైచిలుకు. బ్యాటరీకి సొంత సంపాదన లేదు. వచ్చింది దాచి, అడిగినప్పుడు ఇస్తుంది. పైనుంచి రానిదాన్ని కిందికి ఇవ్వలేకపోతే తిట్లు మాత్రం దానికే.

ముల్లు లేని లోటు తీర్చుకోడానికి ఒక మల్టీమీటర్ కొన్నాను. కొన్ని వందల రూపాయల్లో వచ్చే పసుప్పచ్చ డబ్బా, ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. అది చేతికి రాగానే మనిషికి ఎక్కడలేని పెద్దరికం వస్తుంది. ఇంట్లో ఉన్న గోడగడియారం బ్యాటరీ, రిమోటు బ్యాటరీలు, టార్చిలైటు బ్యాటరీలు అన్నిటికీ పరీక్షలు జరిపి ఫలితాలు ప్రకటించాక, మా ఆవిడ "ఏవండీ, బండి కింద ఉంది" అని గుర్తుచేసింది.

బండి పరీక్ష ఇలా జరిగింది. రాత్రంతా ఆగి ఉన్న బండికి బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 వోల్టుల ప్రాంతంలో చూపించాలి. 12.1 చూపించింది. ఇంజిన్ స్టార్ట్ చేసి కాస్త రేస్ చేస్తే 13.8కీ 14.5కీ మధ్య ఉండాలి. 12.3 దగ్గర చతికిలబడింది. అంటే బ్యాటరీకి తిండి అందడం లేదు. స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్ల కప్లర్ విప్పి, మీటర్ని ఏసీలో పెట్టి రెండేసి వైర్ల చొప్పున చూశాను. మూడు జతలూ సమానంగా, ఇంజిన్ వేగంతో పాటు పైకి లేచాయి. వాటిలో ఏదీ ఇంజిన్ బాడీకి తగిలి షార్ట్ అవలేదు. ఫారడేగారి పని ఫారడేగారు చేస్తున్నారు. కప్లర్ మళ్ళీ తగిలించి రెగ్యులేటర్ బయటికి ఇచ్చే వైర్ల దగ్గర చూస్తే 14.3. అక్కడ బయల్దేరింది 14.3, బ్యాటరీ దగ్గర చేరుతోంది 12.3. మూరెడు దారిలో 2 వోల్టులు ఎవరో కాజేస్తున్నారు.

దొంగను పట్టడానికి సీటు తీసి, ట్యాంకు ఎత్తి, వైర్ల కట్ట మీద టేపు విప్పడం మొదలుపెట్టాను. మా ఆవిడ సెల్‌ఫోను లైటు పట్టుకుంది. ఈ బండి నేను సెకండ్ హ్యాండులో కొన్నది. నా ముందు దాన్ని ఏలిన మహానుభావుడి అభిరుచులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మామూలు హారన్‌కు తోడు రెండు గట్టి హారన్లు. ఫాగ్ లైట్లు రెండు, ఒకటి వెలగదు. చక్రాలకు రంగుల లైట్లు ఉండేవనడానికి సాక్ష్యంగా ఎటూ వెళ్ళకుండా ఆగిపోయిన నాలుగు వైరు ముక్కలు. సెల్‌ఫోను చార్జరు. రిమోటుతో కూత పెట్టే దొంగల అలారం. అలారం తప్ప మిగతావన్నీ హెడ్‌లైటు వైరు ఒక్కదాన్నే గోకి, తొక్క ఒలిచి, మెలిపెట్టి, దానిమీద నల్లటేపు చుట్టిన జాయింట్లు. ఎండకు టేపు జిగురు కారి వేళ్ళకు అంటుకుంటోంది. ఒక జాయింటుకు టేపు కూడా కరువై, పాలిథిన్ సంచి ముక్క చుట్టి దారంతో కట్టాడు. ఎర్రగా బయల్దేరిన వైరు మధ్యలో పసుపై, ఇంటి గోడల్లో వాడే నీలం వైరుగా మారి, చివరికి మళ్ళీ ఎర్రగా తేలింది. అది ఎక్కడిదో కనిపెట్టాలంటే దాని వంశవృక్షం గీయాలి.

ఫ్యూజు పెట్టె తెరిస్తే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు కాళ్ళకు రాగితీగ చుట్టి ఉంది. ఫ్యూజు ఉద్యోగమే అందరికంటే ముందు చచ్చిపోవడం. దానికి అమరత్వం ప్రసాదించినవాడు ఆ చావును వైరింగ్ మొత్తానికి పంచిపెట్టాడన్నమాట. ట్యాంకు కింద వైర్ల కట్ట హ్యాండిల్ వైపు తిరిగే చోట పళ్ళ గాట్లు, పక్కనే నల్లటి పెంటికలు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మా కొండలో ఎలుక ముందే పట్టేసి వెళ్ళిపోయింది.

ఇంగ్లండులో ఒకప్పుడు బండ్లకూ కార్లకూ కరెంటు సామాను చేసిన లూకస్ అంటే అక్కడివాళ్ళకు నవ్వులాట. జోసెఫ్ లూకస్‌కు చీకటి రాజు అని బిరుదిచ్చారు. వైర్లలో పారేది కరెంటు కాదు, పొగ, ఆ పొగ బయటికొచ్చేస్తే బండి ఆగిపోతుంది అని వాళ్ళ వేళాకోళం. ఆ రాజ్యం సరిహద్దు నా బండి సీటు కింద దాకా వచ్చినట్టుంది.

చివరికి దొంగ దొరికాడు. రెగ్యులేటర్ వైరు మెయిన్ వైరింగ్‌లో కలిసే చోట బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ కప్లర్. ఇప్పుడు తెల్లగా లేదు. ఒక మూల గోధుమరంగుకు తిరిగి, కరిగి, వంకర్లు పోయింది. లోపలి ఇత్తడి పిన్ను నల్లబడింది, దానిలో దూరే ఆడపిన్ను వదులై వేలాడుతోంది. లెక్క వేస్తే అర్థమైంది. పిన్ను వదులైన చోట 1.2 వోల్టులు పోతున్నాయి, వైరులో 10 ఆంపియర్లు పారుతోందనుకుంటే అక్కడ 12 వాట్ల వేడి. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే సగం సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూతవేసి ఊరంతా తిరుగుతున్నాను. కప్లర్ కోసి పారేసి, కొత్త పిన్నులు నొక్కించి, కొత్త కప్లర్ వేయించాను. ఫ్యూజు స్థానంలో నిజంగా చచ్చిపోగల ఫ్యూజు పెట్టాను. మీటర్ 13.5కు ఎక్కింది. మర్నాడు రోడ్డు మీద ఇద్దరో ముగ్గురో చెయ్యి చూపించారు. సగం నయమైనట్టే.

మిగతా సగం నయం కాలేదు. అప్పుడప్పుడూ సెల్ఫ్ నొక్కితే ఇంకా "టక్". మీటర్ పెడితే బ్యాటరీ 12.6. వైర్లన్నిట్లోనూ 12 చూపిస్తోంది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, బండి తప్ప. ఈ మధ్యలో మా ఆవిడ వెనకాల నిలబడి ఉండి, "ఏవండీ, మీరు బ్రేకు తొక్కితే ఇండికేటర్లు కూడా గుడ్డిగా వెలుగుతున్నాయేం?" అంది. ఆ ప్రశ్నను జేబులో వేసుకుని ఆటోనగర్ వెళ్ళాను.

విజయవాడ ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని మావాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అక్కడ లారీలను ముక్కలుగా విప్పి మళ్ళీ లారీలుగా కట్టేస్తారు. ఆ వీధుల్లో ఒక రేకుల షెడ్డులో ఓ పెద్దాయన ఉన్నాడు, అందరూ బాబాయ్ అంటారు. లారీలకు రెండు బ్యాటరీలు వరసకట్టి 24 వోల్టులు. జన్మంతా 24 చూసిన చెయ్యి. నా బండి వంక చూసి, "పన్నెండేనా?" అన్నాడు. ఆ మాటలో జాలి ఉంది.

నేను నా మీటర్ తీసి, ఏ వైరులో ఎంత వోల్టేజీ ఉందో కాగితం మీద రాసుకున్నదంతా చదివి వినిపించాను. బీడీ పూర్తయ్యేదాకా విన్నాడు.

"అంతా బాగుంది సారూ. లోడు పెట్టి చూశారా?"

బాబాయ్ దగ్గర మీటర్ లేదు. ఒక హోల్డరు, దాంట్లో 21 వాట్ల బ్రేక్‌లైటు బల్బు, రెండు వైర్లు, వాటి చివర మొసలి క్లిప్పులు. వెనకలైటు విప్పి, ప్లస్ వైరుకు ఒక క్లిప్పు, దాని ఎర్త్ వైరుకు ఇంకో క్లిప్పు పెట్టాడు. బల్బు పెట్టకముందు నా మీటర్ అక్కడ 12.4 చూపించింది. ఆయన బల్బు మాత్రం ఎర్రటి చీమలాగా ముడుచుకుని ఉండిపోయింది. అదే క్లిప్పును ఎర్త్ వైరు మీంచి తీసి నేరుగా బ్యాటరీ మైనస్‌కు తగిలించగానే భగ్గున వెలిగింది.

కిటుకు ఇది. మీటర్ వైరులోంచి లాగే కరెంటు ఆంపియర్‌లో లక్షో వంతుకు అటూఇటూ. అంత కొంచెం పచ్చబడిపోయిన జాయింటులోంచి కూడా సులువుగా దాటేస్తుంది, మీటర్ నిండుగా 12 చూపిస్తుంది. బల్బుకు కావలసింది దగ్గరదగ్గర 2 ఆంపియర్లు. అది అడిగేసరికి జాయింటు చేతులెత్తేస్తుంది. మీటర్ అబద్ధం ఆడలేదు. నేను పని చెప్పకుండా అడిగాను, అది పనిలేకుండా జవాబు చెప్పింది.

పెళ్ళి నిశ్చయమైనప్పుడు బంధువులంతా ఇలాగే ఉంటారు. "నీకెందుకురా, మేమంతా లేమూ?" అని ఒక్కొక్కరు నిండుగా 12 వోల్టులు చూపిస్తారు. తెల్లవారుజామున మూడింటికి స్టేషనుకెళ్ళి మగపెళ్ళివారిని తీసుకురావాలి అనగానే ఎవరి దగ్గర ఎన్ని ఆంపియర్లున్నాయో తేలిపోతుంది. బాబాయ్ షెడ్డులో నిలబడి నేను మా వంశం మొత్తాన్ని ఒకసారి మనసులో లోడు పెట్టి చూసుకున్నాను. బల్బు వెలిగించగలిగినవాళ్ళు బహు కొద్దిమంది.

తర్వాత బాబాయ్ నా మీటర్ అడిగాడు. అంతటివాడు అడగడం నా మీటర్‌కు దక్కిన గౌరవం. ఎర్ర వైరు ఇంజిన్ బాడీ మీద, నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద పెట్టి, "ఇప్పుడు సెల్ఫ్ నొక్కండి" అన్నాడు. ఆ రెండూ ఒకటే ఎర్త్. వాటి మధ్య వోల్టేజీ ఉండకూడదు. సెల్ఫ్ నొక్కినప్పుడు ఓ అర వోల్టు లోపు ఉంటే సరే అనుకోవచ్చు. 3 వోల్టులు దాటింది. సెల్ఫ్ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. ఆ లాగుడులో బ్యాటరీ నుంచి వెళ్ళిన బలమంతా తిరిగొచ్చే దారిలో ఖర్చైపోతోంది. కరెంటు వెళ్ళే దారిని అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారిని ఎవరూ చూడరని ఆయన ఫిర్యాదు. "ప్లస్‌కు ఎర్ర తొడుగేస్తారు, ఫ్యూజేస్తారు, దండం పెడతారు. ఎర్త్‌ను బోల్టు కింద నొక్కి వదిలేస్తారు సారూ."

బ్రేకు తొక్కితే ఇండికేటర్లు వెలుగుతున్న సంగతి చెప్పాను. వెనకలైటు కరెంటుకు తన ఎర్త్‌లోంచి దారి దొరక్క, ఇండికేటర్ల బల్బుల్లోంచి దూరి దొడ్డిదారిన ఇంటికి పోతోందన్నాడు. "ఇది ఎవరు చూశారు?"

"మా ఆవిడ."

"అమ్మగారు మొదటిరోజే రోగం చెప్పేశారు కదా. మీటర్ డబ్బు ఆవిడకిచ్చేస్తే సరిపోయేది" అన్నాడు.

సీటు కింద ఛాసిస్‌కు ఒకే బోల్టు. దానికింద బ్యాటరీ ఎర్త్, రెగ్యులేటర్ ఎర్త్, వెనకలైటు ఎర్త్ లగ్గులు ఒకదానిమీద ఒకటి. కింద ఛాసిస్ మీద కంపెనీ పెయింటు, దానిమీద పాత యజమాని వేయించిన పెయింటు, మధ్యమధ్య తుప్పు, అన్నిటికంటే పైనున్న వెనకలైటు లగ్గు మీద పచ్చటి చిలుము. వారం వారం ఫోమ్ వాష్ చేయించినప్పుడల్లా నీళ్ళు అక్కడే నిలిచేవి. మనం బండి మీద చూపించే శ్రద్ధ అంతా ఆ బోల్టు మీదే పడేదన్నమాట. బాబాయ్ బోల్టు విప్పి, ఎమరీ కాగితంతో ఛాసిస్‌ను ఇనుము తళతళలాడేదాకా రుద్ది, కొత్త లగ్గులు నొక్కి, ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు నేరుగా ఒక మందపాటి వైరు వేసి, అన్నిటిమీదా వాసెలిన్ పూశాడు. పెదాలకు రాసుకునే డబ్బాయే.

ఇక మిగిలింది పాత యజమానిగారి అలంకారాలు. నా మీటర్ని బ్యాటరీ మైనస్‌కూ దాని వైరుకూ మధ్య వరసలో పెట్టి, తాళం తీసేసిన బండి ఎంత కరెంటు తాగుతోందో చూశాడు. 0.05 ఆంపియర్లు. అలారం ప్లగ్గు పీకగానే దాదాపు సున్నా. 0.05 అంటే చిన్నదే అనిపిస్తుంది. రోజుకు 24 గంటల చొప్పున 1.2 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ 9 ఆంపియర్ అవర్లది. బండిని ఓ వారం కదల్చకుండా పెడితే, దొంగలు ఎత్తుకుపోకుండా కాపలా కాసే అలారం బ్యాటరీని మొత్తం తనే మింగేస్తుంది. ఆ తర్వాత దొంగ వచ్చినా బండి స్టార్టు కాదు కాబట్టి ఒకరకంగా అలారం తన పని తను చేసినట్టే.

అలారం తీసేశాం. ఫాగ్ లైట్లు తీసేశాం. గట్టి హారన్లలో ఒకటి ఉంచి, దానికి రిలే పెట్టించాను. హారన్ లాగే భారీ కరెంటు బ్యాటరీ నుంచి రిలే మీదుగా నేరుగా వెళ్తుంది. హ్యాండిల్ మీది చిన్న స్విచ్చి రిలేకు చెప్తే చాలు, తను మొయ్యక్కర్లేదు. మన ఆఫీసుల్లో చాలా పనులు ఇలాగే సాగుతాయి గానీ అక్కడ రిలేలకు జీతం తక్కువ. విప్పిన సామాను ఒక సంచీడైంది. ఇంజిన్ స్టార్ట్ చేసి రేస్ చేస్తే బ్యాటరీ దగ్గర 14.2. సెల్ఫ్ నొక్కితే బండి "టక్" అనడం మర్చిపోయింది.

"ఎంతివ్వమంటారు బాబాయ్?"

ఆయన చెప్పిన డబ్బులు కొత్త బ్యాటరీలో నాలుగో వంతు కూడా లేవు. కొత్త వైరింగ్ కిట్ ముచ్చట ఎత్తితే, "కిట్ మార్చినా అదే తుప్పు బోల్టుకు బిగిస్తారు కదా సారూ" అన్నాడు.

అప్పటినుంచి అపార్ట్‌మెంటులో నాకు చిన్న ప్రాక్టీసు మొదలైంది. బ్రేక్‌లైటు బల్బుతో నేనూ ఒక టెస్ట్ ల్యాంపు కట్టుకున్నాను. ఎవరి బండి మొరాయించినా నాకు కబురొస్తుంది. ముందు టెర్మినళ్ళు వదులుగా ఉన్నాయేమో వేలితో కదిపి చూడమంటాను. చాలా బండ్లు అక్కడే లేచి కూర్చుంటాయి. తర్వాత ఎర్త్, తర్వాత కప్లర్లు, ఆ తర్వాతే మిగతావి. "బ్యాటరీ మార్చెయ్యమన్నారండీ" అని వచ్చేవాళ్ళను లోడు పెట్టకుండా నమ్మను. లోడు పెడితే నిజంగానే 9 వోల్టులకు కుప్పకూలే బ్యాటరీలూ ఉంటాయి. సభ తీర్మానం అప్పుడప్పుడూ రైటే అవుతుంది. గోడమీది ఆగిపోయిన గడియారం కూడా అంతే కదా.

మొన్న మామగారు ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. పెట్రోలు లేదు, కిక్కు లేదు, ఫారడేగారి కాయిల్ ప్లేటు ఇంజిన్ మూత కింద లేదు. ఎన్ని శాతం చార్జి ఉందో బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. ఆయన కోరుకున్న ముల్లు ఇన్నాళ్ళకు దొరికింది. మా బావమరిది అప్పుడే అమ్మకం రేటు కనుక్కున్నాడు. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. అంతా బ్యాటరీయే అయిన బండి ఆగిపోతే, "బ్యాటరీయే" అనే సభ మాట ఎదురులేకుండా నెగ్గుతుంది. మరి నా టెస్ట్ ల్యాంపు గతేమిటి, బాబాయ్ షెడ్డు గతేమిటి?

అటు వెళ్ళినప్పుడు ఆయన్నే అడిగాను. ఓ లారీ కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాకుండానే జవాబు చెప్పాడు.

"ఆ పెద్ద బ్యాటరీ చక్రం తిప్పడానికి సారూ. లైటు, హారన్, ఇండికేటరు, తాళం, వీటికి అందులోంచి 12 వోల్టులు దించి ఇస్తారు. ఆ పన్నెండుకీ వైర్లుంటాయి, కప్లర్లుంటాయి. మీ మామగారిని బండి వారం వారం ఫోమ్ వాష్ చేయించమనండి. ఓ రెండేళ్ళాగి తీసుకురండి, చూద్దాం."